తువాలు నడుముకు చుట్టుకుని
(పాయల నడుమ: కోనసీమ చరిత్ర, 14వ భాగం)

కిందటి భాగాన్ని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆపాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం గురించి, దాని కోసం రాళ్ళు మోసిన కూలీల గురించి చెప్పుకున్నాం. ఈసారి పదేళ్ళు వెనక్కి వెళ్దాం. ఆనకట్ట పని ఇంకా మొదలుకాని రోజుల్లో, కంపెనీ కొలువు గానీ నెల జీతం గానీ లేని ఇద్దరు తెల్లవాళ్ళు భార్యలతో సహా ఈ డెల్టాలో దిగారు. వాళ్ళు తెచ్చిన మతం నరసాపురం రేవు దాటి సఖినేటిపల్లి, రాజోలు, అమలాపురం పేటల్లో వేళ్ళూనుకుంది. ఆ మతం రోజూ బోధించేది తగ్గింపు, త్యాగం. ఈ నేల మీద ఎవరు తగ్గారు, ఎవరు త్యాగం చేశారు అన్నది ఈ భాగంలో చూద్దాం.

కథ ఇంగ్లండులో డెవన్ జిల్లాలో మొదలవుతుంది. అక్కడ ఎక్సెటర్ పట్టణంలో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే పంటి వైద్యుడు ఉండేవారు. ఏడాదికి 1500 పౌన్ల దాకా రాబడి, ఆ రోజుల్లో పెద్ద మొత్తమే. 1825లో ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. భూమి మీద ధనం కూడబెట్టుకోవద్దన్న యేసు మాటను ఉన్నది ఉన్నట్టుగా పాటించాలనీ, దాన్ని అలంకారంగా తీసుకుని తప్పించుకోకూడదనీ అందులో వాదించారు. రాసి ఊరుకోలేదు. వృత్తి వదిలేసి 1829లో పెళ్ళాం పిల్లలతో బాగ్దాదు వెళ్ళారు. 1831లో ఆ నగరాన్ని ప్లేగు, వరద, సైన్యాల ముట్టడి ఒకదాని వెంట ఒకటి పట్టుకున్నాయి. ప్లేగులో భార్య మేరీ పోయారు. 1833లో ఆయన ఇండియా వచ్చి దేశం తిరిగి చూశారు. ఇక్కడ పనిచేయడానికి మనుషులు కావాలని స్వదేశం వెళ్ళి అడిగారు.

ఆ పిలుపు అందుకున్న ఊరు బార్న్‌స్టేపుల్. అక్కడి చిన్న సంఘానికి పెద్ద రాబర్ట్ చాప్‌మన్. ఆయన గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే నరసాపురం వచ్చిన ఇద్దరూ ఆయన దగ్గర తయారైనవాళ్ళే. చాప్‌మన్ కలవారి బిడ్డ, లండన్‌లో న్యాయవాది. ఉన్నదంతా ఇచ్చేసి 1832లో బార్న్‌స్టేపుల్ వచ్చి, బీదవాళ్ళుండే వీధిలో ఒక మామూలు ఇల్లు తీసుకున్నారు. వచ్చిన వారెవరికైనా ఆ ఇంట్లో భోజనం, పడక ఉండేవి. రాత్రి పడుకునే ముందు బూట్లు గది బయట విడవమని అతిథులకు చెప్పేవారు. తెల్లవారేసరికి అవి శుభ్రంగా తుడిచి, మెరుగుపెట్టి ఉండేవి. ఆ పని పనివాళ్ళది కాదు, చాప్‌మన్‌దే. అతిథులు సిగ్గుపడి వద్దంటే, యేసు శిష్యుల పాదాలు కడిగాడు గదా, మన కాలంలో దానికి దగ్గరగా ఉండే పని ఇదేనని చెప్పి తన పని తాను చేసుకుపోయేవారు.

యోహాను సువార్త 13వ అధ్యాయం చదివిన వాళ్ళకి ఆ ఘట్టం తెలుసు. చనిపోయే ముందు రాత్రి భోజనం మధ్యలో లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు చుట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్కొక్కరి కాళ్ళూ కడుగుతాడు యేసు. ఆ దేశంలో అది ఇంటి దాసుడి పని. పేతురు ఒప్పుకోడు. చివరికి ఒప్పుకుంటాడు. తనను పట్టించబోయే యూదా కాళ్ళు కూడా కడిగిన వాటిలో ఉన్నాయి. క్రైస్తవంలో తగ్గింపుకు ఇదే కొలత. పైన ఉన్నవాడు, ఎవరూ బలవంతపెట్టకుండా, కిందికి దిగడం.

విలియం బౌడెన్, జార్జి బీర్ ఈ ఇంటి అలవాట్లు చూసి వచ్చినవాళ్ళు. ఇద్దరూ చేతిపనులు చేసుకుని బతికే తరగతి నుంచి వచ్చారు, పెద్ద చదువులు లేవు. 1836లో గ్రోవ్స్ బృందంతో కలిసి మద్రాసులో దిగారు. అదే బృందంలో గ్రోవ్స్ పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన జర్మన్ యువకుడు హెర్మన్ గుండెర్ట్ కూడా ఉన్నాడు. ఆయన తర్వాత మలబారు వెళ్ళి మలయాళానికి వ్యాకరణం రాసి, 1872లో నిఘంటువు తెచ్చి, కేరళవాళ్ళు ఈనాటికీ తలుచుకునే మనిషయ్యారు. గ్రోవ్స్ చిత్తూరులో ఉండిపోయారు. బౌడెన్, బీర్ మాత్రం ఉత్తరానికి వచ్చి మొదట మచిలీపట్నంలో మకాం పెట్టి తెలుగు నేర్చుకున్నారు. అక్కడి నుంచి గోదావరి పాయల వైపు కదిలారు. నరసాపురం ఒకరికి, పాలకొల్లు ఇంకొకరికి స్థిరనివాసాలయ్యాయి. ఇలా మొదలైన పనికే తర్వాతి కాలంలో గోదావరి డెల్టా మిషన్ అని పేరు వచ్చింది.

వాళ్ళు వచ్చేనాటికి ఈ ప్రాంతం ఎలా ఉండేదో మనం ముందే చూశాం. 1833 కరువు దెబ్బ ఇంకా తీరలేదు. మాదపల్లం బట్టకు ఒకప్పుడు సముద్రం దాటి పేరు తెచ్చిన నేతగాళ్ళకు కంపెనీ కొనుగోళ్ళు ఆగిపోయి మగ్గాలు మూలపడ్డాయి. 1839లో కోరంగి తుపాను వచ్చింది. రాజమండ్రి జిల్లాలో 1821 ప్రాంతంలో సుమారు 7 లక్షల 38 వేల మంది ఉంటే, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. చచ్చిపోయినవాళ్ళు, వలసపోయినవాళ్ళు కలిపి ఆ లోటు. మతం మార్చడానికి తెల్లవాళ్ళు ఆకలిని వాడుకున్నారన్న మాట తరచు వినిపిస్తుంది. ఆకలి ఉన్నమాట నిజం. కానీ బౌడెన్, బీర్ దగ్గర పంచడానికి ఏముంది? నెలనెలా జీతం పంపే సంస్థ వాళ్ళకు లేదు. ఎవరినీ డబ్బు అడగకూడదని వాళ్ళకు వాళ్ళే నియమం పెట్టుకున్నారు. ఇంగ్లండు నుంచి ఎవరైనా తమంతట తాము పంపితే ఉంటుంది, లేకపోతే లేదు, ఓడ వచ్చేదాకా ఎదురుచూపే. తొలి ఏళ్ళలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

బీర్ 1853లో చనిపోయారు. గ్రోవ్స్ కూడా అదే ఏడాది పోయారు. బౌడెన్ 1876 దాకా, అంటే నలభై ఏళ్ళు, ఈ డెల్టాలోనే ఉన్నారు. రెండు కుటుంబాల పిల్లలూ పెద్దవాళ్ళయి ఇక్కడే పనిలో దిగారు. ఇది త్యాగం కాదని ఎవరూ అనలేరు. అయితే ఒక మాట చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. బార్న్‌స్టేపుల్‌లో చేతిపనివాడైనా, నరసాపురంలో అడుగుపెట్టగానే అతను దొరగారే. కలెక్టరు రంగూ అతని రంగూ ఒకటే. ఊరి కరణం లేచి నిలబడతాడు, మునసబు దారి ఇస్తాడు. తనంతట తాను ఎంత తగ్గినా, రాజ్యం వెనక నిలబడి అతన్ని పైనే ఉంచుతుంది. ఆ కాలపు మిషనరీల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళూ దాన్ని మార్చలేకపోయారు.

మరి వాళ్ళు తెచ్చిన దాంట్లో ఈ నేలను కదిలించింది ఏది? నా మటుకు నేను ఒక బల్లను చూపిస్తాను.

గ్రోవ్స్, బౌడెన్, బీర్ అందరూ బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసానికి చెందినవాళ్ళు. గోదావరి జిల్లాల్లో ఆ బ్రదరన్ సహవాసం ఏదైనా ఆదివారం ఉదయం చూడండి. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్తారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ముసుగేసుకుని ఇంకో పక్క కూర్చుంటారు. వేదిక మీద పాదిరిగారి కుర్చీ ఉండదు, ఎందుకంటే పాదిరిగారే ఉండరు. మధ్యలో తెల్లగుడ్డ పరిచిన బల్ల. దాని మీద ఒకే రొట్టె, ఒకే గిన్నె. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక మూల నుంచి ఎవరో పాట ఎత్తుకుంటారు. ఇంకొకరు లేచి ప్రార్థన చేస్తారు. అతను బడిపంతులు కావచ్చు, కొబ్బరి దింపు కార్మికుడు కావచ్చు, ముందుగా పేరు రాసుకున్నదేం లేదు. ఆపైన రొట్టె విరుస్తారు. చేతి నుంచి చేతికి వెళ్తుంది, ఒక్కొక్కరు చిన్న ముక్క తుంచుకుని పక్కవాళ్ళకి అందిస్తారు. గిన్నె కూడా అలాగే. ఒకరు పెదవి ఆనించిన చోటే ఇంకొకరు ఆనిస్తారు.

ఈ పద్ధతిని బ్రదరన్‌వాళ్ళు మొదట ఏర్పాటు చేసుకున్నది తమ దేశపు చర్చి హోదాలకు ఎదురు చెప్పడానికి. ఇక్కడికి వచ్చేసరికి దాని బరువు మారిపోయింది. 1840ల గోదావరి డెల్టాలో ఒకడు ముట్టిన నీళ్ళు ఇంకొకడు తాగడు. పేటవాళ్ళు బావి గట్టెక్కకూడదు, ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. చెప్పులు కుట్టేవాడు ఊరి చివర, ఆ చెప్పులు తొడుక్కునేవాడు ఊరి నడుమ. అలాంటి చోట మాదిగ చేతిలోంచి మాల, మాల చేతిలోంచి దొర ఒకే గిన్నె అందుకుని తాగడం మామూలు విషయం కాదు. అది ప్రతిచోటా సాఫీగా జరిగిందని నేననను. మాలలకు ఒక మందిరం, మాదిగలకు ఒక మందిరం కట్టుకున్న ఊళ్ళు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఒకే బల్ల అన్న మాట ముందు అవి తప్పులే, తప్పులనే రాయాలి.

ఇదే కాలంలో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ ఇంకో దారి ఎంచుకున్నారు. పై కులాల పిల్లలకు బడి పెడితే మతం పైనుంచి కిందికి ప్రవహిస్తుందని ఆయన నమ్మకం. ఆయన స్వంత జీవితంలో లోపం పట్టలేం. పెళ్ళి చేసుకోలేదు, 1841లో వచ్చి ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళకుండా 1865లో ఇక్కడే కన్నుమూశారు. 1852లో ఆ బడిలో చదివే బ్రాహ్మణ యువకుడు మంచాల రత్నం, వెలమ యువకుడు అయినాల భూషణం బాప్తిస్మం తీసుకుంటే ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఆ రోజుతో తల్లిదండ్రులను, ఆస్తిని, కులాన్ని పోగొట్టుకున్నారు. కానీ గోదావరి జిల్లాల చరిత్ర చూస్తే మతం పైనుంచి కిందికి ప్రవహించలేదు. పేటల్లో పుట్టి పేటల్లోనే పెరిగింది.

ఇప్పుడు కోనసీమ లోపలికి వద్దాం. ఆనకట్ట పూర్తయినా రాజోలు వైపు, అంటే నగరం లంకకు, నీళ్ళు రాలేదు. మధ్యలో వైనతేయ పాయ అడ్డం. నది మీదుగా కాలువను దాటించాలి. 1850ల తొలినాళ్ళలో గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టి ఆ పని సాధించిన ఇంజనీరు హేగ్ అనే యువ లెఫ్టినెంట్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కింద పనిచేసినవాడు, కాటన్ లాగే గాఢమైన క్రైస్తవ విశ్వాసి. నది మీద నది నడిచినట్టుండే ఆ కట్టడం పుణ్యాన మామిడికుదురు, రాజోలు పొలాలు పచ్చబడ్డాయి.

హేగ్ తర్వాత ఎగువ గోదావరి పనుల మీద దుమ్ముగూడెం వెళ్ళారు. అక్కడి కోయల మధ్య మతబోధ చేసే మనిషి కావాలని ప్రార్థన చేస్తుంటే, ఆయన కింద సరఫరాల శాఖ చూసుకునే ఉద్యోగి వెంకటరామరాజు ముందుకు వచ్చారు. క్షత్రియుడు, మంచి జీతం, చేతికింద మనుషులు ఉన్న కొలువు. హేగ్ సహవాసంలో క్రైస్తవుడయ్యారు. 1860 ప్రాంతంలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కోయగూడేల్లోకి నడిచారు. మన్యం జ్వరాలు బలితీసుకునే అడవి అది. పట్నంలో పుట్టిన ఉద్యోగి స్వచ్ఛందంగా వెళ్ళే చోటు కాదు. 1872లో ఆయన గురువుగా అభిషేకం పొందారు. కాటన్ విగ్రహాలు మన జిల్లాల్లో ఊరికొకటి ఉన్నాయి, ఉండాలి కూడా. వెంకటరామరాజు పేరు మాత్రం గోదావరి జిల్లాల క్రైస్తవుల్లోనే చాలామంది విని ఉండరు. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

గన్నవరం పేరు వచ్చాక ఇంకొకరిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆ అక్విడక్టుకు కూతవేటు దూరంలో, లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినవాళ్ళకు కూడా కులం అడగకుండా అన్నం పెట్టారు. 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఆవిడ క్రైస్తవురాలు కాదు, కావలసిన అవసరమూ లేదు. ఒక విశ్వాసి కట్టిన కాలువ నీళ్ళూ, ఇంకో విశ్వాసపు తల్లి వండిన అన్నమూ ఒకే ఊళ్ళో ఉండడం కోనసీమ అదృష్టం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇంతవరకు చెప్పిన పేర్లు దాదాపు అన్నీ పైమెట్టు మీద నిలబడి కిందికి దిగినవాళ్ళవి. పంటి వైద్యుడు, న్యాయవాది, ఇంజనీరు, పై కులం కుర్రాళ్ళు. తెలుగు క్రైస్తవులంతా పాడుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు కూడా ఆ కోవే. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు, 1833లో బాప్తిస్మం తీసుకుని ఇల్లూ వాకిలీ దూరం చేసుకుని ఊరూరా తిరిగారు. ఆయనా, కాటనూ, చాప్‌మనూ ముగ్గురూ 1803లోనే పుట్టడం కాకతాళీయమే అయినా నాకు గుర్తుండిపోయింది.

కానీ కోనసీమ సంఘాలను నిలబెట్టింది వీళ్ళలో ఎవరూ కాదు. పాలేరుతనం చేసుకునే కుటుంబాలు నిలబెట్టాయి. వాళ్ళకు దిగడానికి మెట్టు లేదు, అప్పటికే అట్టడుగున ఉన్నారు. తల వంచుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్ళోంచి నడవడం, దొడ్డిదారిన వచ్చి గిన్నె దూరంగా పెట్టడం వాళ్ళకు పుట్టుకతో నేర్పిన పనులు. అలాంటి మనిషికి తగ్గింపు బోధించడంలో అర్థం లేదు. అతనికి ఈ మతం ఇచ్చింది దానికి సరిగ్గా ఎదురు. ఆదివారం ఉతికిన బట్ట కట్టుకుని, నిలబడి, అందరూ వినేలా తన నోటితో ప్రార్థన చేసే అధికారం ఇచ్చింది. పిల్లలకు అక్షరాలు ఇచ్చింది. దేవుడే తన కాళ్ళు కడిగాడన్న కథ ఇచ్చింది.

అందుకు అతను ఇచ్చుకున్న వెల కూడా ఉంది. ఊరి జాతర్లో డప్పు కొట్టనన్నవాడికి, ఆదివారం పనికి రానన్నవాడికి ఆసామి దగ్గర ఆ ఏడు గింజలు కొలవకపోవచ్చు. ఇంటి స్థలం ఆసామిదే కాబట్టి నిలువ నీడ పోవచ్చు. దొర డబ్బు రాకపోతే ఓడ కోసం ఎదురుచూశాడు. పాలేరుకు ఏ ఓడా రాదు. నా దృష్టిలో ఈ డెల్టా క్రైస్తవ చరిత్రలో పెద్ద త్యాగం ఈ పాలేరుదే.

ఆ వెల ఇంకా వసూలవుతూనే ఉంది, ఈసారి ప్రభుత్వ కాగితాల మీద. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా అంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. క్రైస్తవులకు తీయలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో సర్దుకోవాలి. అమలాపురం లోక్‌సభ స్థానం, దాని కింద అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు అన్నీ ఎస్సీలకు రిజర్వు అయినవి. ఆ పోటీలో నిలబడాలన్నా, చదువులో సీటు కావాలన్నా కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం అన్నట్టు బతకాల్సిన పరిస్థితి ఎన్నో కుటుంబాలది. వాళ్ళను అబద్ధికులని వేలెత్తి చూపేవాళ్ళున్నారు. మతం మార్చుకున్నంత మాత్రాన పేట ఊరి మధ్యకు జరగలేదు కదా, మరి హోదా ఎందుకు పోవాలన్నది నా ప్రశ్న. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అంతకు ముందే 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది.

గోదావరి డెల్టా మిషన్ వందేళ్ళ పండుగ సందర్భంగా 1937లో బ్రామ్లీ అనే మిషనరీ దాని చరిత్ర రాసి అచ్చువేయించారు. బౌడెన్, బీర్ కుటుంబాల గురించి మనకు ఈమాత్రం తెలిసిందంటే అలాంటి పుస్తకాల పుణ్యమే. పేటల్లో మొదట నీళ్ళలో దిగిన ముత్తాతల, ముత్తవ్వల పేర్లకు అలాంటి పుస్తకం లేదు. అవి మందిరాల బాప్తిస్మం రిజిస్టర్లలో, పెట్టెల్లో దాచిన పాత బైబిళ్ళ మొదటి పుటల్లో, ఎనభై దాటిన అవ్వల జ్ఞాపకాల్లో ఉన్నాయి. కోనసీమ తేమకు కాగితం ఎక్కువ కాలం ఆగదు. రాజోలు, అమలాపురం, కొత్తపేట పాఠకులను నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవారి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం, అందుకు వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో ఒక కాగితం మీద రాసి మీ మందిరంలో ఒక ప్రతి ఉంచండి, ఈ పత్రికకు ఒక ప్రతి పంపండి. రిజిస్టరు ఉంటే పుటలు ఫోనులో ఫొటో తీసినా చాలు. వచ్చే భాగంలో నరసాపురం లేసు అల్లికల గురించి, రాజోలు ఆడవాళ్ళ చేతికి ఆ కొక్కెపు సూది ఎలా వచ్చిందో చూద్దాం.